పాత సినిమాను శ్రద్ధగా చూడటం ఎలా? ‘మాయాబజార్’తో మొదలుపెడదాం

చిన్నతెర
అందరికీ నమస్తే. ‘మాయాబజార్’ ఎన్నిసార్లు చూసినా కథ, పాటలు, ఎస్వీ రంగారావు గారు... అక్కడితో ఆగిపోతోంది. ‘ఫొటోగ్రఫీ బాగుంది, దర్శకత్వం బాగుంది’ అనడమే తప్ప ఏది ఎందుకు బాగుందో చెప్పడం చేతకావట్లేదు. ఒక పద్ధతిలో చూడాలంటే ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి? చదవాల్సిన పుస్తకాలు తర్వాత, ముందు చేయాల్సిన పని చెప్పండి. 55 అంగుళాల టీవీ, ల్యాప్‌టాప్ ఉన్నాయి.

రీలుడబ్బా
చూడటం తర్వాత సంగతి. మీ ముందున్నది మొత్తం సినిమాయా, అందులో ముక్కా అన్నది ముందు తేల్చుకోండి. సగం మంది ఇక్కడే బోల్తా పడతారు.

తెలుగులో మొదటి సినిమాస్కోప్, అంటే బాగా వెడల్పు తెర సినిమా, 1974లో వచ్చిన ‘అల్లూరి సీతారామరాజు’. అంతకు ముందు సినిమాల ఫ్రేము కాస్త అటూ ఇటుగా చదరంగా ఉండేది: ఎత్తు 1 అనుకుంటే వెడల్పు 1.37. మీ టీవీ వెడల్పేమో 1.78. కాబట్టి 1957 నాటి సినిమా మీ టీవీలో ఎడమా కుడీ నల్ల పట్టీలతోనే రావాలి. ‘తెర నిండా రావట్లేదు’ అని రిమోట్‌తో జూమ్ నొక్కారో, చేజేతులా సినిమాను పాడు చేసుకున్నట్టే.

తెర నిండా వచ్చిందంటే జరిగేవి రెండు. ఒకటి, బొమ్మను అడ్డంగా సాగదీశారు. రథచక్రం చూడండి, చందమామ చూడండి. గుండ్రంగా లేక కోడిగుడ్డులా ఉంటే సాగదీసినట్టే. రెండోది, పైనా కిందా కోసేశారు. 1.37 బొమ్మను 1.78లో నింపాలంటే ఎత్తులో సుమారు 23 శాతం పోతుంది. స్కోప్ కొలతకు, అంటే 2.35కు నింపితే దాదాపు 42 శాతం గల్లంతు. పౌరాణికాల్లో దీన్ని పట్టుకోవడం బహు తేలిక: కిరీటాలే కొలబద్ద. మిడ్‌షాట్‌లో, అంటే మనిషిని నడుము దాకా చూపే చోట, కిరీటం మీది భాగం తెగుతూ ఉంటే, నాట్యంలో పాదాలు కనబడకపోతే, టైటిల్ అక్షరాలు అంచును రాసుకుంటూ ఉంటే ఆ ప్రింటు వదిలేసి ఇంకోటి వెతుక్కోండి.

తర్వాత నిడివి. ‘మాయాబజార్’ అసలు నిడివి 184 నిమిషాలు. మీ దగ్గరున్నది 176, 177 నిమిషాలుంటే కంగారొద్దు, కత్తిరింపు కాకపోవచ్చు. సెకనుకు 24 ఫ్రేముల సినిమాను టీవీ కోసం 25 ఫ్రేముల చొప్పున పరిగెత్తిస్తే 4 శాతం వేగం పెరిగి సరిగ్గా అంతకే వస్తుంది. 165 దగ్గర ఉంటే మాత్రం అది 2010 నాటి రంగుల కూర్పు, కొంత తీసేశారు.

తెరచాప
పై పోస్టుకు టీవీ వైపు నుంచి కొంత.

1. మోషన్ స్మూతింగ్ కట్టేయండి. శాంసంగ్‌లో ఆటో మోషన్ ప్లస్ లేదా పిక్చర్ క్లారిటీ, ఎల్జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో అని ఉంటుంది. ఇది ఉన్న 24 ఫ్రేముల మధ్య లేని ఫ్రేములను పుట్టించి దూరుస్తుంది. పాత సినిమా సీరియల్‌లా జారిపోతూ కనబడేది దీనివల్లే. ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే అది పెట్టేస్తే చాలు, చాలావరకు అదే సర్దేస్తుంది.

2. షార్ప్‌నెస్ బాగా తగ్గించండి, నాయిస్ రిడక్షన్ సున్నా చేయండి. ఫిల్మ్‌లో గ్రెయిన్, అంటే సన్నని రేణువులు, ఉంటుంది, అది దుమ్ము కాదు. దాన్ని తుడిస్తే మొహాలు మైనం బొమ్మల్లా తయారవుతాయి.

3. ‘వివిడ్’ వద్దు. నలుపు తెలుపు సినిమాకు వార్మ్ టోన్ పెట్టండి. నీలం జీర వస్తోందంటే కలర్ టెంపరేచర్ ‘కూల్’లో ఉందన్నమాట.

4. దూరం. 55 అంగుళాల టీవీ తెర వెడల్పు 122 సెంటీమీటర్లు. బొమ్మ మీ చూపులో 30 డిగ్రీలు ఆక్రమించాలంటే సుమారు 2.25 మీటర్ల దూరంలో కూర్చోవాలి. పాత సినిమా అందులో 94 సెంటీమీటర్లే వాడుకుంటుంది కాబట్టి కుర్చీ ఇంకా ముందుకు, 1.75 మీటర్లకు జరపండి. మన ఇళ్లల్లో సోఫా గోడకు ఆనించి నాలుగు మీటర్ల దూరాన ఉంటుంది. అక్కణ్ణుంచి కళ్లల్లో మెరుపు ఏం కనబడుతుంది?

నేలక్లాసు
అన్నా, గిట్ల టేపు వట్టుకొని కొల్చుకుంట కూసుంటే సినిమా ఏడ చూస్తం? ఘటోత్కచుడు లడ్డూలు మింగుతుంటే నవ్వాల్నా, కిరీటం తెగిందా లేదా అని సూడాల్నా? మజా మొత్తం పోతది.

కత్తెరపని
@నేలక్లాసు తమ్ముడూ, పాయింటే. అందుకే మొదటిసారి ఏ లెక్కా వద్దు. పెన్ను, ఫోను పక్కన పెట్టి, ఆపకుండా, వెనక్కి తిప్పకుండా ఒక్క ఊపున చూడాలి. ఎక్కడ నవ్వొచ్చింది, ఎక్కడ విసుగొచ్చింది అన్నదే మీ అసలు సరుకు. రెండోసారి మొత్తం సినిమా అక్కర్లేదు, మిమ్మల్ని కదిలించిన ఐదు నిమిషాలు చాలు. కొలతలన్నీ దానికే. మూడు గంటల సినిమా మొత్తం షాటు షాటుగా చూడబోయిన వాళ్లు అరగంటకే చేతులెత్తేస్తారు.

@చిన్నతెర గారు, ఆ ఐదు నిమిషాలతో చేయాల్సింది ఇదీ.

సౌండు కట్టేసి ఒకసారి చూడండి. కెమెరా ఆగకుండా తీసిన ముక్క షాటు, ఒకటి ఆగి ఇంకోటి వచ్చే చోటు కట్. కట్ పడ్డ ప్రతిసారీ కాగితం మీద ఒక గీత. 300 సెకన్లలో 40 షాట్లు వస్తే షాటుకు సగటున ఏడున్నర సెకన్లు. ఈ సగటును మాత్రం గుడ్డిగా నమ్మకండి. నాలుగేసి సెకన్ల షాట్లు తొమ్మిది, 64 సెకన్ల షాటు ఒకటి ఉన్నాయనుకోండి. మొత్తం వంద సెకన్లు, సగటు పది. కానీ పది సెకన్ల షాటు అందులో ఒక్కటీ లేదు! కాబట్టి షాట్ల నిడివులను చిన్నదాన్నుంచి పెద్దదాకా వరసగా రాసి, నడిమి అంకె చూడండి. ఆ పెద్ద షాటును విడిగా పెట్టుకోండి. చెప్పుకోవాల్సిన కబురు సాధారణంగా దాని దగ్గరే ఉంటుంది: దర్శకుడు అక్కడ ఎందుకు కోయలేదు?

రెండో విడతలో కట్ పడ్డ క్షణం చూడండి. మాట పూర్తయ్యాక కోశారా, మాట మధ్యలోనా? మాట్లాడేవాళ్ల మీద ఉందా కెమెరా, వినేవాళ్ల మీదా? మన సినిమాల్లో హాస్యం చాలావరకు వినేవాళ్ల మొహం మీదే పండుతుంది.

ఈ సినిమా దర్శకుడు కె.వి. రెడ్డి గారు స్క్రిప్టు దశలోనే సీను సీనుకూ నిడివి లెక్క కట్టుకునేవారని పేరు. మనం చేసేది ఆ లెక్కను వెనక నుంచి విప్పుకుంటూ రావడమే.

చిన్నతెర
ధన్యవాదాలండీ. ఒకే ఐదు నిమిషాలకు మూడుసార్లు లెక్కపెడితే 31, 34, 38 వచ్చాయి. తప్పెక్కడ?

కత్తెరపని
అందరికీ ఇలాగే వస్తుంది. మామూలు కారణాలు మూడు.

డిజాల్వ్, అంటే ఒక బొమ్మ కరుగుతూ ఇంకోటి తేలే చోట, కొందరు ఒకటీ కొందరు రెండూ గీస్తారు. కొత్త బొమ్మ పూర్తిగా తేలాక ఒక్కటే గీయండి. మాయమవడం, ప్రత్యక్షమవడం లాంటి ట్రిక్కుల్లో కెమెరా అక్కడే ఉంటుంది. అది కట్ కాదు, విడి గుర్తు పెట్టండి, చుక్కో ఇంటూనో. మూడోది, కథలో పడిపోయి గీత మరిచిపోవడం. దానికి మందు వేగం తగ్గించడమే. వీఎల్‌సీ ప్లేయర్‌లో ఎడమ చదరపు బ్రాకెట్ మీట నొక్కితే వేగం తగ్గుతుంది, కుడిది నొక్కితే పెరుగుతుంది. ఇంగ్లీషు ‘ఈ’ మీట ఒక్కో ఫ్రేమూ ముందుకు జరుపుతుంది.

ఇంకోటి: పాటనూ సీనునూ ఒకే లెక్కలో కలపొద్దు. పాటలో కట్ తాళాన్నో చరణాన్నో పట్టుకుని పడుతుంది, సీనులో మాటను పట్టుకుని. రెండూ కలిపి సగటు తీస్తే ఆ అంకె ఎందుకూ కొరగాదు.

లాంతరు
వెలుగు గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను. ఈ సినిమా ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లే పేరు అందరూ చెబుతారు, ‘లాహిరి లాహిరి’ వెన్నెల అనీ అంటారు. ఏం చూడాలో మాత్రం చెప్పరు.

ఆ పాటలో మొదట శశిరేఖ, అభిమన్యుడు. తర్వాత కృష్ణుడు, రుక్మిణి. ఆపైన బలరాముడు, రేవతి. మూడు జంటలు, నీళ్లు, పడవ. ప్రతి షాటులోనూ ఒకే ప్రశ్న వేసుకోండి: వెలుగు ఎటు నుంచి వస్తోంది? పద్ధతి చెబుతా. ముందు ముక్కు నీడ చూడండి, అది ఎటు పడిందో దానికి ఎదురుగా ప్రధాన దీపం ఉంటుంది. తర్వాత కంటిపాపలో తెల్ల చుక్క. ఒకటుంటే ఒక దీపం, రెండుంటే రెండు. పిమ్మట జుట్టు అంచు, భుజం అంచు. అక్కడ సన్నని వెండి గీత ఉంటే వెనక నుంచి ఇంకో దీపం పెట్టారు. చివర్లో నీళ్ల మీది మెరుపు ఎటు నుంచి ఎటు సాగుతోందో చూడండి. ఇప్పుడు దూరపు షాటునూ దగ్గరి షాటునూ ఆపి ఆపి పోల్చండి. మెరుపు ఒకవైపు నుంచి, మొహం మీది వెలుగు ఇంకోవైపు నుంచి వస్తున్న చోట్లు ఏమైనా దొరుకుతాయా? దొరికితే ఆ రెండూ ఒకేచోట తీసినవి కాకపోవచ్చు. అయినా పాట నడుస్తున్నంతసేపూ మీకు వెన్నెలే కనబడింది కదా, పనితనం అదే.

వెనక దీపం ఎందుకంటే, నలుపు తెలుపులో రంగు సాయం ఉండదు. ఎరుపు చీర, ఆకుపచ్చ తెర రెండూ ఒకే బూడిద రంగులో కలిసిపోవచ్చు. నల్లజుట్టు చీకట్లో కలిసిపోతుంది. మనిషిని వెనకున్న గోడ నుంచి విడదీయాలంటే అంచున ఆ వెలుగు గీతే దిక్కు. గోఖలే, కళాధర్ వేసిన సెట్లలో స్తంభాల మీది చెక్కుళ్లు మనకు విడివిడిగా తెలుస్తున్నాయంటే వెలుగును పక్క నుంచి ఏటవాలుగా వేశారు కాబట్టే. ఎదురుగా వేస్తే నీడలుండవు, చెక్కుడు చదునైపోతుంది.

పంచరంగులు
అందరూ నలుపు తెలుపు అంటూ రంగుల కూర్పును చిన్నచూపు చూడటం బాగాలేదు. 2010 జనవరిలో రంగుల్లో విడుదలైనప్పుడు కొత్త తరం హాళ్లకు వచ్చింది. పిల్లలకు నలుపు తెలుపు పెడితే ఐదు నిమిషాలు కూర్చోరు. శబ్దం కూడా శుభ్రం చేశారు. సినిమా చూడనివాడు లాహిరి వెలుగును మెచ్చుకునేదెప్పుడు?

లాంతరు
చూడటానికి రంగుల్దే చూపించండి, తప్పులేదు. పరిశీలించడానికి మాత్రం పనికిరాదంటున్నాను. ఒకే సీను రెండు కూర్పుల్లో పక్కపక్కన పెట్టి చూడండి. చీరకు రంగొచ్చాక మనిషి ఎలాగూ విడిగా కనబడుతుంది, ఇక ఆ అంచు వెలుగు పని లేక తల చుట్టూ వలయంలా మిగిలిపోతుంది. పైగా ఫ్రేమును వెడల్పు తెరకు మార్చారు. రీలుడబ్బా గారి కిరీటం పరీక్ష పెట్టి చూడండి, తెలిసిపోతుంది. 19 నిమిషాల తేడా సరేసరి.

పంచరంగులు
పిల్లలకు రంగులది, మీకు నలుపు తెలుపుది. ఇక్కడికి ఆపుదాం 🙂

తంబురా
కన్ను గురించి బోలెడు చెప్పారు, చెవి మిగిలింది.

ముందు, రీలుడబ్బా గారు చెప్పిన 4 శాతం వేగం చెవికి ఏం చేస్తుందో చూడండి. సరిదిద్దకుండా వేగం పెంచితే శ్రుతి దాదాపు అరస్వరంలో ముప్పావు వంతు ఎక్కుతుంది. ఘంటసాల గారి గొంతు కాస్త సన్నబడినట్టు వినిపిస్తే గాయకుణ్ణి అనుమానించకండి, ప్రింటును అనుమానించండి. ఆడియో రికార్డులో ఉన్న పాటతో శ్రుతిపెట్టె పెట్టి పోల్చితే నిమిషంలో తేలిపోతుంది. టీవీలో ‘వాయిస్ క్లియర్’, ‘నైట్ మోడ్’ లాంటివి తీసేయండి. అవి గుసగుసనూ అరుపునూ ఒకే ఎత్తుకు లాగేస్తాయి. ఫోను స్పీకరు అసలే వద్దు, మృదంగంలో ఎడమ పక్క మొత్తం మాయమవుతుంది.

ఇక అభ్యాసం. ‘అహ నా పెళ్ళంట’ తీసుకోండి. ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో ఉన్నాడు. సుశీల గారి గొంతు నడుస్తూ నడుస్తూ మధ్యలో ఘంటసాల గొంతు దూరుతుంది, రెంటికీ పెదవులు కలిపేది సావిత్రి గారే. మొదట శబ్దం కట్టేసి చూడండి. ఎక్కడ శశిరేఖ, ఎక్కడ ఘటోత్కచుడు అన్నది శరీరాన్ని బట్టే సమయాలతో సహా రాయండి. పెదవులు చూడొద్దు. భుజాల వెడల్పు, గడ్డం ఎత్తు, పాదాల మధ్య ఎడం, చెయ్యి ముడుచుకున్న తీరు, ఇవి చూడండి. తర్వాత శబ్దం పెట్టి మీ పట్టికతో పోల్చుకోండి. గొంతు మారక ముందే శరీరం మారిన చోటు దొరికితే అక్కడ ఆపి పదిసార్లు చూడండి. ‘బాగా నటించింది’ అన్న మాటకు అర్థం ఆ పది ఫ్రేముల్లో ఉంటుంది.

చెవికి ఇంతకన్నా గట్టి పాఠం కావాలంటే ‘పుష్పక విమానం’, 1987. సింగీతం శ్రీనివాసరావు గారు ‘మాయాబజార్’కు కె.వి. రెడ్డి గారి దగ్గర సహాయకుడు. ఇద్దరి లెక్కా ఒక బడిదే. దీన్ని మూకీ అనేస్తుంటారు, తప్పు. మూకీలో శబ్దమే ఉండదు. ఇందులో మాటలు లేవంతే, శబ్దం నిండా ఉంది. సినిమా హాలు పక్కన లాడ్జీలో ఉండే కుర్రాడు పెద్ద హోటల్‌కు మారాక ఆ నిశ్శబ్దంలో నిద్ర పట్టక, హాలు నుంచి వినిపించే ఫైటింగు చప్పుళ్లు టేపులో పట్టుకొచ్చి పెట్టుకుని పడుకుంటాడు. పేదవాడి గదీ డబ్బున్నవాడి గదీ మధ్య తేడాను సెట్టుతోనో బట్టలతోనో కాక చెవితో చెప్పారక్కడ. ఈ సీనుకు బొమ్మ చూడకుండా, శబ్దం ఒక్కటే విని, వినిపించిన ప్రతి చప్పుడూ వరసగా రాయండి. మాటలున్న సినిమాలో ఈ పని చేస్తే డైలాగు మిగతా చప్పుళ్లను మింగేస్తుంది, అందుకే మొదట దీంతో.

రీలుడబ్బా
తంబురా గారి పోస్టు అచ్చు వేయించి గోడకు అంటించుకోవచ్చు.

ట్రిక్కు షాట్ల మీద ఒక చిట్కా. కంప్యూటర్లు లేని రోజుల్లో వస్తువు మాయం కావాలంటే కెమెరా ఆపి, వస్తువు తీసి, మళ్లీ తిప్పాలి. మధ్యలో కెమెరా వెంట్రుకవాసి కదిలినా గోడ ఎగిరిపడుతుంది. కాబట్టి ట్రిక్కు రాబోతోందంటే అప్పటిదాకా తిరుగుతున్న కెమెరా బిగుసుకుపోతుంది. ‘వివాహ భోజనంబు’లో ఈ బిగుసుకునే క్షణాలు వెతకండి. ట్రిక్కు పడే ఫ్రేము దగ్గర ఒక్కో ఫ్రేమూ జరుపుతూ వెనకున్న వస్తువులు, నీడలు చూడండి. ఏదో ఒకటి కొద్దిగా మారుతుంది. ప్రియదర్శిని పేటికలో, అంటే తెరిచినవాళ్లకు తమకు ప్రియమైనది చూపే పెట్టెలో, బొమ్మ కనబడే చోట్ల ఇంకో సంగతి గమనించండి. పెట్టె తెరిచినవాళ్ల చెయ్యి లోపలి బొమ్మకు అడ్డం వస్తుందా? ఒకే ఫ్రేములో రెండు బొమ్మలు కలిపేటప్పుడు వాటి మధ్య అతుకు గీత దాటితే చెయ్యి సగం మాయమవుతుంది. నటులు ఎంత ఒద్దికగా మసలారో అప్పుడు అర్థమవుతుంది. అన్నట్టు ఆ పెట్టెలో కృష్ణుడికి కనబడేది శకుని! రచనను మెచ్చుకోవాలంటే పింగళి మాటల దగ్గరే ఆగకండి, ఇలాంటివీ లెక్కలోకి తీసుకోండి. పాండవులు తెరమీదికి రాకుండా మూడు గంటల భారత కథ నడవడం కూడా రచనే.

చిన్నతెర
ఇవన్నీ రాసుకోవడానికి ఏదైనా నమూనా ఉందా? రాసింది వారం తర్వాత చూసుకుంటే నాకే అర్థం కావట్లేదు.

కత్తెరపని
నాలుగు గళ్లు చాలు: సమయం, కనబడింది, వినబడింది, మారింది. ‘మారింది’ అంటే ఆ షాటుకు ముందు లేనిది ఏం వచ్చింది అని. ‘అద్భుతం’, ‘హృద్యం’ లాంటివి రాయకండి, మర్నాటికి ఏది అద్భుతమో గుర్తుండదు. ‘01:12:40, సావిత్రి ఎడమ భుజం దిగింది, వీణ ఆగింది’ అని ఉంటే ఆరు నెలల తర్వాత కూడా బొమ్మ కళ్లముందుకొస్తుంది (అంకెలు ఉదాహరణకే). ఏ ప్రింటు, ఎన్ని నిమిషాలది అన్నది పేజీ పైన రాయండి. ప్రింటు మారితే సమయాలన్నీ మారిపోతాయి. మొదటిసారి చూశాక మాత్రం అరగంటలోపే, ఏమీ తిప్పి చూడకుండా, గుర్తున్న ఐదు బొమ్మలు రాసిపెట్టండి. తర్వాత ఐదు నిమిషాల ముక్క ఎంచుకోవాల్సింది ఆ ఐదింట్లోంచే.

నేలక్లాసు
సరే అన్నా, ఒప్పుకుంటున్న. మాయాశశిరేఖ భుజాలు సూసుడు మజాగనే ఉన్నది. మరి హాల్ల కొత్త సినిమాకు పోతే ఏం జెయ్యాలె? ఆడ మీటల్లేవు, తిప్పుడు లేదు.

తెరచాప
హాల్లో ఒక్కటే చేతిలో ఉంటుంది, సీటు. తెర నుంచి వెనక గోడకున్న దూరంలో మూడింట రెండొంతుల దగ్గర, ఆ వరసకు నడిమి సీటు తీసుకో. శబ్దాన్ని సరిచూసేది సుమారు అక్కడి నుంచే. పక్క గోడ దగ్గర కూర్చుంటే ఆ వైపు స్పీకరే చెవిలో మోగుతుంది, డైలాగు వెనకబడుతుంది. చివరి వరసలో వెనక స్పీకర్లు నెత్తిమీద ఉంటాయి. బొమ్మ మసకగా ఉంటే, తెర అంచులు కోసినట్టుంటే ఇంటర్వెల్ దాకా ఆగకుండా లేచెళ్లి మేనేజరుకు చెప్పు. మొదటి పది నిమిషాల్లో చెబితేనే సరిచేస్తారు.

నేలక్లాసు
నడిమి సీటంటే టికెట్టు యాభై రూపాయలు ఎక్కువ గదా అన్నా 😀